నేపాళ మాంత్రికుడి ముఖం ఎవరిది?

కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో పిండప్రదానం చేసేవారి ముందు చనిపోయినవారి బొమ్మ ఉండదు. దర్భలు, నువ్వులు, అన్నపు ముద్దలు, గోదావరి నీళ్లు, గోత్రనామాలు, అంతే. తండ్రి వసురూపంలో, తాత రుద్రరూపంలో, ముత్తాత ఆదిత్యరూపంలో ఉన్నారని తలచి పేరుపెట్టి పిలుస్తారు గానీ, వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో శాస్త్రం అడగదు. ఈ క్షేత్రం పుట్టుకకే ఒక చావు కారణం. గౌతముడు దర్భ విసిరితే ఆవు ప్రాణం విడిచిందనీ, ఆ పాపం పోగొట్టుకోవడానికి ఆయన తపస్సు చేసి గంగను దింపితే అది గోదావరి అయిందనీ, ఆ గోవు అడుగు పడిన చోటు ఇదేననీ స్థలపురాణం చెబుతుంది. ఆ రేవు మెట్లెక్కి ఊళ్లోకి వస్తే మాత్రం పోయినవాళ్ల ముఖాలకు కొదవ ఉండదు. ఎన్టీఆర్, ఎస్వీ రంగారావు, ఘంటసాల, బాలు జయంతికీ వర్ధంతికీ ఫ్లెక్సీల మీద వెలుస్తారు. బొమ్మలు నేర్చుకునే పిల్లల డ్రాయింగు పుస్తకాల్లోనూ వాళ్లే ఉంటారు. అవే పుస్తకాల్లో పేజీ తిప్పితే పాతాళభైరవిలోని నేపాళ మాంత్రికుడు, అరుంధతిలోని పశుపతి, ఇంకా ముందుకు వెళితే డ్రాకులా. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ రెండు రకాల బొమ్మలూ రుచించవు. మనవాడు కానివాడి పటం ఇంట్లో ఎందుకని ఒక మాట, దయ్యాల బొమ్మలు వేస్తే ఇంటికి అరిష్టమని ఇంకో మాట.

ఈ అభ్యంతరాన్ని మూఢనమ్మకమని తోసేయడం తేలిక. కానీ దాని వెనుక నిజమైన ధర్మసందేహం ఉంది. చచ్చిపోయినవాడి రూపాన్ని మళ్లీ కల్పించే అధికారం మనిషికి ఉందా? భయం పుట్టించే రూపాన్ని పనిగట్టుకుని, గంటల తరబడి మనసు నిలిపి గీయడం ఆ మనసుకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఈ రెండు ప్రశ్నల్నీ విడివిడిగా చూడటం మనకు అలవాటు. అవి రెండూ ఒకే పనికి సంబంధించినవని నా వాదన. ఆ పని మన సంప్రదాయానికి విరుద్ధం కాదని, పోయిన కళాకారుల విషయంలో అయితే అది తీర్చవలసిన రుణమని కూడా అంటాను.

మొదట చిత్రకళ పుట్టుక గురించిన ఒక పాత కథ చూడాలి. నగ్నజిత్తు పేరిట ఉన్న చిత్రలక్షణం అనే గ్రంథం సంస్కృత మూలం మనకు దక్కలేదు, టిబెటన్ అనువాదంలో మిగిలింది. 1913లో బెర్తోల్డ్ లాఫర్ దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. ఆ కథలో ఒక బ్రాహ్మణుడి కొడుకు అకాలంగా చనిపోతాడు. తండ్రి రాజు దగ్గరికి వెళ్లి, నీ పాలనలో నా బిడ్డ ఎలా పోయాడని నిలదీస్తాడు. ఆ రాజు యముణ్ణి పిలిచి బిడ్డను తిరిగి ఇవ్వమంటాడు. కర్మ ముగిసినవాణ్ణి ఇవ్వడం తన చేతుల్లో లేదని యముడు అంటాడు. యుద్ధం జరుగుతుంది. రాజు నగ్నంగా తిరిగే ప్రేతగణాల్ని ఓడిస్తాడు, అందుకే అతనికి నగ్నజిత్తు అనే పేరు వచ్చింది. చివరికి బ్రహ్మ వచ్చి ఇద్దర్నీ శాంతింపజేసి, ఆ బాలుడి రూపాన్ని ఉన్నదున్నట్టు రంగులతో చిత్రించమని రాజుకు చెబుతాడు. రాజు చిత్రిస్తాడు, బ్రహ్మ ఆ బొమ్మకు ప్రాణం పోసి తండ్రికి ఇస్తాడు. లోకంలో తొలి చిత్రం అదేనని ఆ గ్రంథం చెబుతుంది. అంటే ఈ కథ ప్రకారం తొలి బొమ్మ దేవుడిది కాదు, రాజుది కాదు, చనిపోయిన ఒక పిల్లవాడిది. ఆ బొమ్మ గీసినవాడు అంతకుముందే ప్రేతాలకు ఎదురు నిలిచి గెలిచినవాడు. పోయినవారిని గీయడం, భయాన్ని ఎదుర్కోవడం ఒకే కథలో, ఒకే చేతికి దక్కాయి. ఇంకో సంగతి కూడా గమనించాలి. రాజు రూపం మాత్రమే ఇచ్చాడు, ప్రాణం బ్రహ్మ ఇచ్చాడు. చిత్రకారుడి హద్దు ఎక్కడుందో కథ అక్కడే చెప్పేసింది. బొమ్మలు గీసినవాళ్లను వాటికి ప్రాణం పొయ్యమని తీర్పురోజున అడుగుతారని ఇస్లాం సంప్రదాయంలో ఉన్న హెచ్చరిక కూడా ఈ హద్దునే గుర్తుచేస్తుంది. అక్కడి నిషేధం, ఇక్కడి కథ వేరువేరు దారుల్లో నడిచినా, ప్రాణం పోయడం సృష్టికర్త పనేనన్న చోట రెండూ కలుస్తాయి.

భరతుడి నాట్యశాస్త్రం ఈ చుట్టరికాన్ని ఇంకోలా స్థిరపరుస్తుంది. అక్కడ ఒక్కో రసానికి ఒక రంగు, ఒక అధిదేవత. కరుణకు పావురపు రంగు, యముడు దేవత. భయానకానికి నలుపు, కాలుడు దేవత. పోయినవాడి కోసం ఏడ్చే మనసూ, చీకట్లో ఉలిక్కిపడే మనసూ మృత్యువు ఇంటికే చెందినవని ఆ పట్టిక చెప్పకనే చెబుతోంది. భవభూతి ఉత్తరరామచరితంలో మొదటి అంకం చూసినా ఇదే కనిపిస్తుంది. దిగులుగా ఉన్న సీతకు ఊరట కలిగించాలని లక్ష్మణుడు రాముడి కథను చిత్రించిన పటాలు చూపిస్తాడు. వాటిలో అప్పటికే పోయిన జటాయువు ఉన్నాడు, శూర్పణఖ కూడా ఉంది. శూర్పణఖ బొమ్మ చూడగానే సీత అదిరిపడుతుంది, ఇది బొమ్మేనని రాముడు సముదాయిస్తాడు. కాసేపటికి ఆ బొమ్మలే రాముడి చేత కన్నీళ్లు పెట్టిస్తాయి. నిజంగా శూర్పణఖ ఎదుట నిలిచిన రోజున సీతకు భయపడేందుకు కూడా తీరిక దొరికి ఉండదు. బొమ్మ ముందు మాత్రం ఆమె భయపడగలిగింది, ఆ భయాన్ని మాటల్లో పెట్టగలిగింది, పక్కనున్నవాడి ఓదార్పు అందుకోగలిగింది. బొమ్మ చేసే మేలు ఇదే. జీవితంలో ఊపిరి సలపనివ్వని వాటిని చూడగలిగేంత దూరంలో నిలబెడుతుంది.

ఇప్పుడు కళాకారుల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ విషయంలో మన సమాజం మోస్తున్న అప్పు పెద్దది. మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధానికి పిలవకూడనివారి జాబితా ఉంది. అందులో కుశీలవుడు, అంటే ఆటపాటలతో బతికేవాడు కూడా ఉన్నాడు. నాట్యశాస్త్రం చివర్లో భరతుడి కొడుకులు మునులను వెక్కిరించి శాపానికి గురై తమ హోదా పోగొట్టుకున్నారన్న కథ ఉంది. నాట్యం వేదమే, నటుడు మాత్రం పంక్తిలోకి రాకూడదు. ఈ పోకడ మన ఒక్కరిదే కాదు. 1673లో పారిస్‌లో మోలియేర్ చనిపోతే, నటుడైనందుకు చర్చి అతనికి క్రైస్తవ ఖననం నిరాకరించింది. రాజు కల్పించుకుంటే రాత్రిపూట, ఏ ఆర్భాటమూ లేకుండా పూడ్చారు. జనాన్ని నవ్వించి, ఏడిపించి, వాళ్ల దేవుళ్లకూ రాక్షసులకూ ముఖాలిచ్చినవాడికి, తాను పోయాక తలుచుకునే వరసలో చోటు లేదు. గోష్పాదం రేవులో జరిగే కర్మ రక్తసంబంధం చుట్టూ అల్లుకున్నది. ఆ వరసలో నటుడికి తన వాళ్లు పిండం పెడతారు సరే. అతని వల్ల మనసు తడిసిన లక్షల మందికి అతనితో ఉన్న సంబంధం మాటేమిటి?

ఆ సంబంధానికి శాస్త్రంలోనే ఒక సందు ఉంది. తీర్థశ్రాద్ధంలో తల్లిదండ్రుల తరువాత కారుణ్య పిండాలు పెడతారు. గురువులు, స్నేహితులు, ఆశ్రయం ఇచ్చినవాళ్లు, పిండం పెట్టే దిక్కు లేనివాళ్లు ఆ వరసలో వస్తారు. తర్పణం చివర బట్ట పిండి వదిలే నీళ్లు నా అన్నవాళ్లు లేనివాళ్లకే. పుష్కరాల్లో ఈ రేవుకు వచ్చేవాళ్లలో చాలామంది తమ పెద్దలతో పాటు స్నేహితుల పేర్లూ, ఇంటి పనివాళ్ల పేర్లూ చెప్పిస్తారు. అంటే రక్తం పంచుకోనివాళ్లను తలుచుకోవడం ధర్మవిరుద్ధం కాదు, ధర్మం దాన్ని ముందే ఊహించి చోటు వదిలింది. ఎస్వీ రంగారావు ముఖాన్ని పెన్సిల్‌తో గీస్తూ ఆ కంటి కింది మడతను సరిగ్గా పట్టుకోవడానికి మూడుసార్లు చెరిపి దిద్దే పిల్లవాడు ఆ చోట్లోనే నిలబడి ఉన్నాడని నేను నమ్ముతాను. మంత్రం లేదు, నువ్వులు లేవు. ఇంకొకడి ముఖం మీద అన్ని గంటల శ్రద్ధ ఉంది. శ్రద్ధ ఉన్నప్పుడే అది శ్రాద్ధమని మన పెద్దలే చెప్పారు కదా.

దీనికి శాస్త్రం తెలిసినవారు చెప్పగల గట్టి అభ్యంతరం శుక్రనీతిసారంలో ఉంది. దేవతామూర్తి వికృతంగా ఉన్నా శుభమే, మనిషి బొమ్మ ఎంత చక్కగా ఉన్నా శుభం కాదని ఆ గ్రంథం స్పష్టంగా అంటుంది. ఆ గ్రంథం ఏ కాలానిదన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు. అయినా ఆ సాకుతో అభ్యంతరాన్ని దాటవేయను, అందులో విలువైన జాగ్రత్త ఉంది. మనిషి రూపాన్ని దేవుడి స్థానంలో పెట్టొద్దన్నది ఆ జాగ్రత్త. కానీ మనిషి రూపమే వద్దని మన సంప్రదాయం ఎన్నడూ ఆచరించలేదు. నానాఘాట్ గుహలో శాతవాహన రాజకుటుంబం విగ్రహాలు చెక్కించి కింద పేర్లు రాయించారు. విగ్రహాలు శిథిలమైపోయినా ఆ పేర్లు ఈనాటికీ మిగిలాయి. తిరుమల ఆలయంలో శ్రీకృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డారు. భాసుడి ప్రతిమానాటకం అయితే ఏకంగా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. మేనమామ ఇంటి నుంచి తిరిగొస్తున్న భరతుడు అయోధ్య పొలిమేరలో ఒక ప్రతిమాగృహంలోకి వెళతాడు. దేవతలనుకుని మొక్కబోతే, అక్కడి కాపరి ఆపుతాడు. వీళ్లు దేవతలు కారు, ఇక్ష్వాకు రాజులు అంటాడు. బతికున్నవాళ్ల ప్రతిమలు కూడా ఇక్కడ పెడతారా అని భరతుడు అడుగుతాడు. పోయినవాళ్లవే అన్న జవాబు వింటూనే, ఆ వరస చివర దశరథుడి ప్రతిమ ఉందని అతనికి అర్థమవుతుంది. తండ్రి మరణవార్త అతనికి ఏ దూతా చెప్పలేదు, ఒక బొమ్మ చెప్పింది. ఈ సన్నివేశం వాల్మీకిలో లేదు, భాసుడి కల్పన. పోయినవారి బొమ్మ చేయవలసిన పని, చేయకూడని పని రెండూ ఇందులో ఉన్నాయి. మొక్కబోయిన చేతిని కాపరి ఆపాడు. కన్నీటిని ఎవరూ ఆపలేదు.

కాపరి ఆపిన ఆ చెయ్యి దగ్గరే నేటి మన తప్పు ఉంది. తారల కటౌట్లకు పాలాభిషేకాలు, విగ్రహాలకు హారతులు మనకు కొత్తకాదు. ఆగమం ప్రకారం రాతికి దైవసాన్నిధ్యం వచ్చేది ప్రాణప్రతిష్ఠతో. అది జరగనంతవరకు ఎంత గొప్ప శిల్పమైనా శిల్పమే. నటుడి పటానికి ప్రాణప్రతిష్ఠ లేదు, ఉండకూడదు. దండ వేయడం, దీపం పెట్టడం పోయిన మనిషికి చేసే మర్యాద. నైవేద్యం పెట్టి కోరికలు కోరడం వేరే పని. క్రైస్తవ లోకంలో కూడా ఈ గీత ఎక్కడ గీయాలన్న దానిపై వందేళ్లకు పైగా గొడవ నడిచింది. ఆ గొడవ మధ్యలోనే 787లో రెండో నైసియా సభ, బొమ్మకు గౌరవం చేయొచ్చు, ఆరాధన దేవుడికే అని తేల్చింది. నవంబర్ 2న గోదావరి జిల్లాల సమాధుల తోటల్లో పూలు, కొవ్వొత్తులు పెట్టే కుటుంబాలు ఆ భేదాన్ని ఏ సభ తీర్మానమూ చదవకుండానే పాటిస్తున్నాయి. దేవుడి గదిలో పోయినవారి పటాలు పెట్టొద్దని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట కూడా ఈ కోవలోదే. ఆ మాటను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. హాల్లో పెట్టండి, బడిలో పెట్టండి, గ్రంథాలయంలో పెట్టండి. పూజలో కలపొద్దు.

భయానక రూపాల మీద ఉన్న అభ్యంతరానికి ఆధారం ఇంకా పాతది. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఏ రసాలను ఎక్కడ చిత్రించాలో విడమరిచి చెబుతుంది. ఇళ్లలో శృంగారం, హాస్యం, శాంతం మాత్రమే ఉండాలట. యుద్ధం, శ్మశానం, మృతులు, దుఃఖితులు ఇంటి గోడల మీద ఉండరాదట. పోయినవారిని, భయపెట్టేవారిని ఒకే వాక్యంలో ఇంట్లోంచి బయటికి పంపించింది చూడండి. ఆ రెండూ జోడీ అని ఆ గ్రంథకర్తకూ తెలుసు. కానీ అక్కడితో ఆగిపోతే సగమే చదివినట్టు. రాజసభల్లో, దేవాలయాల్లో అన్ని రసాలనూ చిత్రించవచ్చని ఆ సూత్రమే చెబుతుంది. అంటే నిషేధం చోటుకు సంబంధించింది, గీయడానికి సంబంధించింది కాదు. పసిపిల్లలు పడుకునే గదిలో పశుపతి బొమ్మ వద్దంటే అది సబబే. దేవాలయంలో మాత్రం భయానకం ఎప్పుడూ ఉంది. గుడి ద్వారం మీద కోరలు తెరుచుకుని ఉండే కీర్తిముఖం ఒక భూతమే. శివుడి ఆజ్ఞతో తన శరీరాన్ని తానే తినేసి ముఖం ఒక్కటీ మిగుల్చుకుంటే, శివుడు మెచ్చి తన వాకిట నిలిపాడని కథ. కొవ్వూరుకు ఎగువన, గోదావరి మధ్యలో పట్టిసం గుట్ట మీద వెలసినవాడు వీరభద్రుడు, దక్షుడి తల నరికిన ఉగ్రరూపం. ఆయన గుడికి శివరాత్రినాడు పడవల్లో వెళ్లే జనం ఆ ఉగ్రత చూసి దూరం జరగరు, దగ్గరికే వెళతారు. ఇంతెందుకు, కట్టుబడిలో ఉన్న ఏ ఇంటి ముందు చూసినా నాలుక చాచిన రాక్షసుడి దిష్టిబొమ్మ వేలాడుతూ ఉంటుంది. భయంకరమైన ముఖం ఇంటిని కాపాడుతుందని నమ్మే చేతులే, అటువంటి ముఖం డ్రాయింగు పుస్తకంలో కనిపిస్తే అరిష్టమంటున్నాయి.

ఇంతకంటే లోతైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. భాగవతం ఏడో స్కంధంలో భ్రమరకీట న్యాయం చెబుతారు. తుమ్మెద గూట్లో బంధించిన పురుగు భయంతో ఆ తుమ్మెదనే తలుస్తూ తలుస్తూ తుమ్మెద రూపమే పొందుతుందట. దేన్ని ధ్యానిస్తే అదే అవుతామన్నది మన అధ్యాత్మ విద్యకు పునాది. మరి గంటల తరబడి రక్తపు కోరలు, తెల్లగుడ్లు, శవపు రంగు చర్మం మీద మనసు నిలిపినవాడు ఏమవుతాడు? ప్రశ్న న్యాయమైనదే. దీనికి జవాబు అదే భాగవతంలో, అదే చోట ఉంది. కంసుడు భయంతో తలిచి, శిశుపాలుడు ద్వేషంతో తలిచి ముక్తి పొందారని అక్కడే నారదుడు అంటాడు. తలపు మనిషిని మార్చేది ఆ తలపులో అతడు చిక్కుకుపోయినప్పుడు. చిత్రకారుడు చిక్కుకుపోడు, కొలుస్తాడు. కాగితం మీద గళ్లు గీసుకుంటాడు, కనుబొమకూ కంటికీ మధ్య ఎంత దూరమో చూస్తాడు, వెలుగు కింద నుంచి పడితే దవడ నీడ ఎటు పోతుందో తెలుసుకుంటాడు. నేపాళ మాంత్రికుడి చూపులో క్రూరత్వం ఎక్కడిదని వెతికితే, అది ఒకవైపు ఎత్తిన కనుబొమలో, కొద్దిగా దించిన గడ్డంలో దొరుకుతుంది. ఎలా తయారైందో తెలిసిన భయం ఇక మునుపటి భయం కాదు. అభినవగుప్తుడు భయానకాన్ని వివరిస్తూ ఇదే చెప్పాడు. శాకుంతలంలో రథం వెంటపడగా పరుగెత్తే లేడి భయం మనం చూస్తాం. ఆ భయం లేడిదీ కాదు, మనదీ కాదు, నటుడిదీ కాదు. ఫలానా చోటుకు, ఫలానా కాలానికి కట్టుబడని భయం అది. కనుకనే అందులోంచి పారిపోవాలని అనిపించదు, రుచి చూడాలనిపిస్తుంది. గూట్లో చిక్కిన పురుగుకు ఆ దూరం లేదు, బొమ్మ గీసేవాడికి ఉంది.

చెడ్డవాణ్ణి గీస్తే చెడును పొగిడినట్టు కాదా అన్నవాళ్లకు నాట్యశాస్త్రం మొదటి అధ్యాయమే జవాబు. లోకంలో తొలి నాటకం అసురుల ఓటమి గురించి. చూస్తున్న దైత్యులకు కోపమొచ్చింది. మమ్మల్ని ఇలా చూపిస్తారా అని విరూపాక్షుడు నాయకుడిగా ఆటను చెడగొట్టారు. బ్రహ్మ వాళ్లను తరిమేయలేదు, కూర్చోబెట్టి చెప్పాడు. ఇది దేవతల కోసమో మీకు వ్యతిరేకంగానో చేసింది కాదు, మూడు లోకాల భావాలనూ చూపించేది అన్నాడు. రాక్షసుడికి కూడా న్యాయంగా ముఖం ఇవ్వాలన్న మాట అందులో ఉంది. మన రావణుడు, హిరణ్యకశిపుడు ఎవరు? వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులు, శాపం వల్ల వచ్చినవాళ్లు. ఈ కథ విని పెరిగిన తెలుగువాడు రాక్షసుడి ముఖంలో ఒట్టి దుర్మార్గాన్ని చూడలేడు. భూకైలాస్‌లో, సీతారామ కల్యాణంలో ఎన్టీఆర్ రావణుణ్ణి చూసినవాళ్లకు ఆ పాత్ర మీద జాలి ఎందుకు కలిగిందో ఈ నేపథ్యం తెలిస్తే అర్థమవుతుంది.

భయం పటంలో లేదని, చూసే మనసులో ఉందని మన సినిమాలే చెప్పాయి, మనం సరిగా వినలేదు. 1993 నాటి మలయాళ మణిచిత్రతాళు నుంచి వచ్చిన 2005 చంద్రముఖి, తరువాత 2010లో తెలుగులో వచ్చిన నాగవల్లి, ఇవన్నీ చనిపోయిన ఒక ఆస్థాన నర్తకి చిత్రపటం చుట్టూ తిరుగుతాయి. చనిపోయిన కళాకారిణి పటమూ, భయపెట్టే పాత్రా ఒక్కటే అయిన కథ అది. ఆ పటం ఇంట్లో ఉంటే అరిష్టమని జనం మనసులో పడిపోయింది. మొదటి కథలో పటం ఏ పాపమూ చేయలేదు. తనను తాను మరిచిపోయిన ఒక ఇల్లాలి మనసు అస్వస్థత అది, దాన్ని నయం చేసేవాడు మనోవైద్యుడు. ఆ నర్తకి కూడా హత్యకు గురైన మనిషే. ఆమె పటం చూసి భయపడేకంటే జాలిపడటం న్యాయం.

ఇక్కడికి వచ్చాక మొదటి ప్రశ్న మళ్లీ అడగొచ్చు. నేపాళ మాంత్రికుడి ముఖం ఎవరిది? 1918లో నూజివీడులో పుట్టి 1974 జూలై 18న మద్రాసులో కన్నుమూసిన సామర్ల వెంకట రంగారావుదా, 1951లో తెర మీద పుట్టి ఇప్పటికీ బతికున్న ఆ మాంత్రికుడిదా? రెండింటినీ విడదీయలేం. 1931 చిత్రంలో డ్రాకులాగా నటించిన బేలా లుగోసి 1956లో చనిపోతే, కుటుంబం ఆయనను డ్రాకులా పైవస్త్రంతోనే సమాధి చేసింది. వాళ్లు చేసింది వింత కాదు. నటుడు తన ఆయువు దేనికి ఖర్చుపెట్టాడో దానితోనే సాగనంపారు. నటుడికి ఇల్లు, పిల్లలు, జబ్బులు, అప్పులు అన్నీ ఉంటాయి, అవి అతని వాళ్లవి. మనకు ఇచ్చింది పాత్ర. అందుకే రంగారావును సూటు వేసుకున్న ఫొటో చూసి గీసిన బొమ్మకన్నా, ఘటోత్కచుడిగానో, కీచకుడిగానో, మాంత్రికుడిగానో గీసిన బొమ్మ ఆయన స్మృతికి దగ్గర. తాడేపల్లిగూడెంలో 2019లో ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు, మంచి పని. పిల్లల పుస్తకాల్లో కోరమీసంతో చూసే మాంత్రికుడు దానికంటే తక్కువ స్మారకం కాదు. భయంకర పాత్ర బొమ్మ, పోయిన నటుడి బొమ్మ ఇక్కడ ఒకే కాగితం మీద ఒకే ముఖమయ్యాయి. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని కాదనడం కుదరదు.

పోయినవాళ్ల అనుమతి లేదు కదా అన్న అభ్యంతరం ఈ రోజుల్లో బలపడింది, బలపడాలి కూడా. బాలసుబ్రహ్మణ్యం గొంతును ఆయన పోయాక కృత్రిమ మేధతో పుట్టించి సినిమాలో వాడితే, ఆయన కుటుంబం చట్టపరంగా అభ్యంతరం చెప్పింది. అది సరైనదే. పోయినవాడి చేత అతను చేయని పని చేయించడం, అతని పేరుతో సొమ్ము చేసుకోవడం తప్పు. చేత్తో గీసిన బొమ్మ అతని చేత ఏమీ చేయించదు, అతను చేసిందాన్ని చూస్తూ కూర్చుంటుంది. ఆ తేడా చిన్నదిగా కనిపించవచ్చు గానీ, ధర్మాధర్మాలు అక్కడే విడిపోతాయి.

ఈ వాదనంతా పేరున్నవాళ్ల కోసం చేసింది కాదు. కొవ్వూరు దగ్గరి పంగిడిలో పుట్టిన సి. కృష్ణవేణి 1949లో మనదేశం నిర్మించి ఎన్టీఆర్‌ను తెరకు పరిచయం చేశారు, 2025 ఫిబ్రవరిలో నూరేళ్లు నిండాక పోయారు. ఆమె ముఖం ఫొటోల్లో, రీళ్లలో భద్రంగా ఉంది. 2024 ఆగస్టులో కుమారదేవం గోదావరి గట్టున సినిమా చెట్టు కూలిపోతే, ఆ నిద్రగన్నేరు కోసం కూడా జనం మనిషి పోయినట్టు బాధపడ్డారు. కానీ ఈ డెల్టా ఊళ్లలో పందిళ్ల కింద రాత్రంతా పద్యాలు పాడినవాళ్లు, దసరాకు వేషాలు కట్టినవాళ్లు, వీరభద్రుడి ఖడ్గాలు చదివినవాళ్లు, తోలుబొమ్మల వెనుక రావణుడి గొంతైనవాళ్లు ఎందరో ఒక్క ఫొటో అయినా మిగలకుండా పోయారు. వాళ్ల యముడి వేషం, హిరణ్యకశిపుడి వేషం చూసి జడుసుకున్న పిల్లలు ఇప్పుడు ముసలివాళ్లు. 2027లో పుష్కరాలకు గోష్పాదం రేవు మళ్లీ నిండుతుంది. కొవ్వూరులో, నిడదవోలులో, రాజమండ్రిలో బొమ్మలు వేసే వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఆ ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. ముక్కు ఎలా ఉండేది, కోరలు దేనితో చేసేవారు, ముఖానికి ఏ రంగు పూసేవారు అని అడిగి, చెప్పినట్టు గీయండి. వేషంతో గీయండి. బొమ్మ కింద పాత్ర పేరు, ఆ పక్కన మనిషి పేరు, ఊరి పేరు తప్పకుండా రాయండి.